షుగరు తెచ్చింది పూతరేకులు కాదు

పాపకి మొన్ననే అన్నప్రాశన అయింది. ఇన్నాళ్లకి రాయగలుగుతున్నాను.

నాకు ఆరో నెల గర్భంలో, షుగరు టెస్టుకని 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలాగి రక్తం తీశారు. 140 లోపు ఉండాల్సింది, 178 వచ్చింది. డాక్టరమ్మ రిపోర్టు మీంచి తలెత్తకుండానే, "పూతరేకులు గట్టిగా లాగించినట్టున్నావ్" అన్నారు. ఆ మాట మా ఇంట్లో పాతుకుపోయింది. అత్తయ్య స్వీటు డబ్బాలు దాచేశారు. నేను కంచం ముందు తల దించుకుని తినేదాన్ని. తర్వాత మామూలే: డైటు, వేలికి సూదులు, చివరికి ఇన్సులిన్.

36వ వారంలో అదే డోసుకి మూడు రోజులుగా షుగరు తగ్గుతూ వచ్చింది. అందరూ సంతోషించాం. మూడో రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమట. మీటర్లో 58. పంచదార నీళ్లు తాగితే 90కి వచ్చింది కానీ, తీపి పడగానే తన్నే పిల్ల ఉలకలేదు. ఎడమ పక్కకి తిరిగి, పొట్ట మీద చెయ్యేసుకుని గంట లెక్కపెట్టాను. రెండంటే రెండు కదలికలు. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే, "షుగర్ తగ్గితే మంచిదేగా, పొద్దున రండి" అన్నారు. ఆ గొంతుని నేనింకా క్షమించలేదు.

మావారు ఇంకో హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు పొట్టకి బెల్టు కట్టి, గుండె చప్పుడు దొరికేదాకా నా చెయ్యి వదల్లేదు. "స్వీట్ల వల్ల కాదమ్మా. బిడ్డకి చక్కెర అందాలని మాయ (ప్లాసెంటా) వదిలే హార్మోన్లు మీ ఇన్సులిన్‌ని సరిగ్గా పని చెయ్యనివ్వవు. గర్భిణులందరికీ ఇంతే. కొందరి శరీరం దానికి తగ్గ ఇన్సులిన్ తయారు చెయ్యలేదు. నెలలు నిండే ముందు ఉన్నట్టుండి షుగరు పడిపోతే ఒక్కోసారి మాయ నీరసిస్తోందేమో అని చూడాలి" అంది. ఆ అమ్మాయి కడుపు చల్లగా ఉండాలి.

37వ వారంలో సిజేరియన్. నా చక్కెర మాయ దాటి వెళ్తుంది, ఇన్సులిన్ దాటదు. అందుకని లోపల పాపే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంది. బొడ్డు కోశాక చక్కెర ఆగింది, ఇన్సులిన్ ఆగలేదు. పాప మడమ పొడిచి చూస్తే షుగరు 36కి పడిపోయింది. గ్లూకోజు ఎక్కించి ఒక రోజు ఐసీయూలో ఉంచారు.

మాయ బయటికొచ్చిన మర్నాడు, ఇన్సులిన్ లేకుండానే నా ఫాస్టింగ్ 84. ఆ కాగితం అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసి, ఏమీ అనకుండా నా కంచంలో ఇంకో ముద్ద వడ్డించారు.

కదలికలు తగ్గితే పొద్దున దాకా ఆగకండి, ఎవరు చెప్పినా సరే. ప్రసవమైన ఆరు వారాలకి గ్లూకోజు టెస్టు మళ్లీ చేయించుకోండి, కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన మనకి ముందు ముందు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆ రాత్రి కారులో ద్వారకా తిరుమల వెంకన్నకి మొక్కుకున్నాను. వచ్చే నెల పాప తలనీలాలు అక్కడే.