ఐసు ముట్టని చేప

మార్చి నెలాఖరు, ఆదివారం.

తెల్లారి ఐదున్నరకే ఫిషింగ్ హార్బరులో వేలం సగం అయిపోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. అందుకే ఈ వారాల్లో కొనేవాళ్ళ హడావిడి ఎక్కువ. టార్పాలిన్ మీద కోనెం, చందువ, కానాగంతలు, వాటి మధ్య ఒకే ఒక్క తూర (ట్యూనా). పది పన్నెండు కిలోలుంటుంది. "రాత్రి తెప్ప మీద తగిలింది బాబూ, ఇంకా ఐసు కూడా ముట్టలేదు," అంటోంది అమ్మే ఆమె.

పులుసుకి ఆ మాట కితాబే. జపాను వాళ్ళలా పచ్చిగా తినాలనుకుని వచ్చినవాళ్ళు మాత్రం అది విన్న వెంటనే పక్క గంపకి నడవాలి.

సముద్రం పక్కనే ఉన్నాం, చేప ఇంకా మెరుస్తోంది, ఇంకేం కావాలి అనిపించడం సహజం. కళ్ళు తేటగా ఉన్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వేలితో నొక్కితే గుంట పడుతోందా అన్నవి కూరకి చాలిన పరీక్షలు. పచ్చిగా తినడానికి అడగాల్సింది వేరు: చచ్చాక ఎంతసేపటికి ఐసులోకి వెళ్ళింది? తూర, కానాగంత, కవళ్ళు లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. వేడి తగిలితే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. గాలి గానీ నీళ్ళు గానీ 28 డిగ్రీలు దాటి ఉంటే, చేప చచ్చిన ఆరు గంటల్లోపే ఐసులో పడాలన్నది పరిశ్రమ లెక్క. మన మార్చి ఎండకి ఆ ఆరు గంటలు కూడా ఉదారమే. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ఆ ముక్క ఉమ్మెయ్యాలి. తిన్న గంటలోపే మొహం ఎర్రబారి, దురద, తలనొప్పి మొదలవుతాయి. మన ఇళ్ళలో దీన్నే "చేప పడలేదు" అని తేల్చేస్తారు. పడనిది చేప కాదు, ఐసు లేకుండా గడిపిన ఆ రాత్రీ పొద్దూ.

తూరకి ఇంకో తిప్పలు. గాలానికి తగిలి పెనుగులాడుతుంటే దాని ఒళ్ళు వేడెక్కుతుంది, కండలో ఆమ్లం పెరుగుతుంది. అలా చచ్చిన చేపని కోస్తే మాంసం పాలిపోయి, నీరు కారుతూ, పుల్లగా ఉంటుంది. జపాను వాళ్ళు దీన్ని "యాకె" అంటారు, అంటే కాలినది. అందుకే పచ్చిగా తినే తూరని పడవ మీదకి లాగగానే తలలో మేకు దింపి చంపుతారు, నెత్తురు కార్చేస్తారు, మొప్పలూ పేగులూ తీసేస్తారు, తర్వాత ఐసునీళ్ళలో ముంచుతారు. కిలో చేపకి కిలో ఐసు. తెప్ప మీద అంత ఐసు మోసుకెళ్ళడం అయ్యే పని కాదు.

ఇక పురుగులు. ఇక్కడ తాజాదనం ఏ మాత్రం అక్కరకు రాదు, ఎందుకంటే తాజా చేపలో అనిసాకిస్ పిల్లపురుగు కూడా తాజాగా బతికే ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల తెల్లని దారం, చుట్ట చుట్టుకుని పేగుల చుట్టూ ఉంటుంది. పొట్ట శుభ్రం చెయ్యడం ఆలస్యమైతే కండలోకి దూరొచ్చు. మింగితే కొన్ని గంటల్లో కడుపు మెలిపెడుతుంది, ఎండోస్కోపీతో లాగెయ్యాల్సి వస్తుంది. నిమ్మరసం, వెనిగర్, వసాబీ (జపాను వాళ్ళు పచ్చి చేపతో నంజుకునే ఘాటు ముద్ద) దాన్ని చంపలేవు. నిమ్మరసంలో ముక్క తెల్లబడుతుంది గానీ లోపల పురుగుకి ఏమీ కాదు. చంపేది చలే: సున్నాకి దిగువ 20 డిగ్రీల్లో ఏడు రోజులు, లేదా దిగువ 35లో గట్టిపడ్డాక 15 గంటలు. ఎల్లోఫిన్ లాంటి పెద్ద తూరలకీ, మేతగుళికలతో పెంచిన సాల్మన్‌కీ అమెరికా నియమాలు ఈ షరతు నుంచి మినహాయింపు ఇస్తాయి. కోనేనికీ కానాగంతకీ ఆ మినహాయింపు లేదు. అయితే చలి చంపేది పురుగుల్నే. బ్యాక్టీరియా నిద్రపోయి, కరగగానే లేస్తుంది.

ఇంట్లో ఫ్రిజ్ పైఅర చాలదా అని ప్రతివాళ్ళూ అడుగుతారు. తేల్చుకోవడానికి రెండొందల రూపాయల ఫ్రీజర్ థర్మామీటర్ చాలు. పొద్దున్నే దాన్ని కానాగంతల పొట్లాల మధ్య దోపి తలుపు వేసేశాం.

మంచినీటి చేప మాటే వద్దు. బొచ్చె, శీలావతి, కొరమీను ఏదైనా సరే. మృగశిర కార్తెకి హైదరాబాదులో బతికున్న కొరమీను పిల్లని మందుతో మింగుతారు కదా అని ఎవరో ఒకరు అననే అంటారు. కొరమీను నుంచి వచ్చే నాథోస్టోమా పురుగు చర్మం కింద నెలల తరబడి తిరుగుతుంది. అంతకంటే చెప్పక్కర్లేదు. రొయ్యలూ అంతే: వెచ్చటి తీరపు నీళ్ళలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది, పచ్చివి వద్దు.

వచ్చే దారిలో మటన్ కొట్టు ముందు ఆదివారం వరస. పచ్చి మాంసం సంగతి అక్కడే తేలిపోతుంది. మేకని గాలికి వేలాడదీస్తారు, ఒకే మొద్దు మీద పేగులూ కండా కొడతారు. గట్టి కండలో సూక్ష్మజీవులు ఎక్కువగా పైపొరనే ఉంటాయి, ఖీమా కొడితే ఆ పైపొరంతా లోపలికి పోతుంది. జపానులో 2011లో పచ్చి గొడ్డుమాంసం తిని ఐదుగురు చనిపోయాక, పైనుంచి సెంటీమీటరు లోతు దాకా 60 డిగ్రీల్లో రెండు నిమిషాలు కాచి, ఆ పొర చెక్కేసి లోపలిదే వడ్డించాలని నియమం పెట్టారు. 2012లో పచ్చి గొడ్డు కాలేయం, 2015లో పచ్చి పంది మాంసం అమ్మకం ఆపేశారు. తరతరాలుగా పచ్చివి తినే దేశం అంత జాగ్రత్త పడుతుంటే మనం మొద్దు మీద ఖీమాతో మొదలుపెట్టడం తెలివి కాదు. కోడి అయితే ఎక్కడిదైనా వద్దే వద్దు.

మధ్యాహ్నం అసలు పని. కొత్తవాళ్ళకి తగినది గడ్డకట్టిన తూర దిమ్మ, పావు కిలో. "సుషీ గ్రేడ్" అన్న ముద్రని నమ్ముకోకూడదు, దానికి చట్టంలో అర్థం లేదు. ఏ చలిలో ఎన్నాళ్ళుంచారో అడగాలి. ఎన్నాళ్ళైనా చెర్రీపండులా ఎర్రగా మెరిసే దిమ్మకి రంగు నిలవడానికి కార్బన్ మోనాక్సైడ్ పట్టించారేమో అని అనుమానించాలి. మామూలు తూర మెల్లగా గోధుమరంగుకి తిరుగుతుంది, అది రంగు మార్పే గానీ కుళ్ళు కాదు.

గాలి తీసిన కవరుని కరిగించే ముందే చింపాలి, గాలి లేనిచోట బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే క్రిమి పెరగొచ్చు. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు కలిపి దిమ్మని నిమిషమో రెండు నిమిషాలో ముంచాలి. పైన మెత్తబడి నడుమ రాయిలా ఉండగానే తీసి, కడిగి, తుడిచి, టిష్యూ చుట్టి ఫ్రిజ్ కింద అరలో రెండు గంటలుంచాలి. ఉత్త నీళ్ళలో వదిలేస్తే దిమ్మ నీరు పీల్చి చప్పబడుతుంది.

మొదటిసారి పూర్తిగా పచ్చిగా కాకుండా టటాకీ (పైపైన కాల్చి లోపల పచ్చిగా వదలడం) చెయ్యడం మంచిది. పెనం పొగలు కక్కేలా కాచి, చుక్క నూనె వేసి ఒక్కో వైపు 20 సెకన్లు, వెంటనే ఐసునీళ్ళు (తాగే నీళ్ళతో చేసిన ఐసు, హార్బరు దిమ్మ కాదు), తుడిచి కొయ్యడం. నల్లకండ తీసేస్తే నీచు సగం పోతుంది. కత్తిపీట ఇక్కడ పనికిరాదు, ముక్కని అలుగు మీదకి నెడితే నలుగుతుంది. పొడుగు చాకుతో, పోగులకి అడ్డంగా, పిడి వైపు నుంచి మొన దాకా ఒకే లాగు. ముందుకీ వెనక్కీ రంపంలా కోస్తే అంచు చిరుగుతుంది. మందం ఏడెనిమిది మిల్లీమీటర్లు. మొదటిరోజు మనిషికి నాలుగైదు ముక్కలు చాలు. గర్భిణులకీ, చిన్నపిల్లలకీ, కాలేయ జబ్బున్నవాళ్ళకీ అసలు పెట్టకూడదు.

వసాబీ దొరకలేదని బెంగక్కర్లేదు. దాని ఘాటూ మన ఆవాల ఘాటూ ఒకే పదార్థం. చెంచా ఆవపిండిని చెంచా చల్లటి నీళ్ళతో కలిపి పది నిమిషాలు మూతపెడితే ముక్కుకెక్కుతుంది. వేడినీళ్ళు పోస్తే ఆ ఘాటు పుట్టించే ఎంజైమే చచ్చి, పిండి చేదెక్కుతుంది. సోయా సాసులో ఇది రవ్వంత, అల్లం తురుము చిటికెడు. ఆవకాయ నూనె చుక్క వేస్తే బావుంటుంది, జపాను వాళ్ళు ఒప్పుకోరు గానీ.

మిగిలిన ముక్కల్ని సాయంత్రమే కరివేపాకుతో వేయించేశాం. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించి పచ్చిగా తినకూడదు.

రాత్రి తొమ్మిదికి థర్మామీటర్ తీశాం. రోజంతా ఫ్రీజర్ తలుపు రెండుసార్లే తెరిచినా సున్నాకి దిగువ 14 దగ్గర ఆగింది. అందులోని కానాగంతలు వేపుడుకే.