అండీ అనని రాత్రి

దాళ్వా ధాన్యం రోడ్ల మీద ఆరబోసే రోజులు. కొత్తపేట నుంచి రావులపాలెం వస్తుంటే ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లు చీకట్లో కనబడలేదు. ఎవర్నీ తిట్టలేను, ఆ రోడ్డు మీద నేనూ ఆరబోసినవాణ్ణే. హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతోంది.

లేచి నిలబడ్డాను. చెవి పైన బొప్పి, అంతే. "మాట్లాడుతున్నాడుగా, ఏం కాలేదులే" అంటూ ఎవరో సోడా తెచ్చారు. 108 వాళ్లు తాగనివ్వలేదు. మెడకు కాలర్ వేసి, జొన్నాడ వంతెన దాటించి, రాజమండ్రిలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో దించారు.

అక్కడి సిస్టర్ షుగర్ చూసింది, కళ్లలో టార్చి వేసింది. ఇక పావుగంటకోసారి అవే ప్రశ్నలు. "పేరేంటి? ఇది ఏ ఊరు? ఏ నెల? నా వేళ్లు గట్టిగా పట్టుకోండి." స్పృహ ఎంతుందో చూసే మార్కులవి: కళ్లు మనంతట మనమే తెరిస్తే 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. నాకు పూర్తిగా వచ్చాయి. "ఆయ్, ఇందాకే చెప్పానుగదండీ" అని నవ్వాను కూడా. నాకు గుర్తున్నది అంతవరకే. మిగతాది మా ఆవిడ చెప్పింది.

స్కాన్‌కి ఇంకా వంతు రాలేదు. నాకు మగత కమ్మింది. "పడుకోనివ్వండమ్మా, అలిసిపోయాడు" అంది మా అమ్మ. సిస్టర్ తట్టి లేపి పేరడిగితే "ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని కసిరానట. మా ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. సిస్టర్‌కి మాత్రం కోపం రాలేదు. "ఈయన ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా?" అని అడిగింది.

"లేదండీ, చిన్నపిల్లల్ని కూడా అండీ అంటారు."

ఊరడిగితే మా తాతగారి ఊరు చెప్పాను. మార్కులు 13కి పడ్డాయి. టార్చి వేస్తే కుడి కంటిపాప ఎడమదానికన్నా పెద్దగా ఉంది. డాక్టర్ని కేకేస్తూనే మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తింది, తల పక్కకు వాలకుండా సర్దింది, ఆక్సిజన్ పెట్టింది. స్కాన్‌లో పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం గడ్డ కనబడింది. తెల్లారేలోగా ఆపరేషన్ అయిపోయింది.

ఆ తర్వాత నెలలన్నీ తలనొప్పులు, ఫిట్స్ రాకుండా మాత్రలు. బండి తాళాలు మా ఆవిడ దాచేసింది. తెలిసిన మనిషి పేరు నాలుక చివర ఆగిపోయేది. వాసన పూర్తిగా పోయింది. మొన్న పక్కింట్లో ఎండురొయ్యలు వేయిస్తుంటే ఘాటుగా తగిలింది. కాఫీ మాత్రం ఇంకా వేడినీళ్లలాగే ఉంది.