వాపు మాత్ర

బోస్టన్‌లో నేను పనిచేసే ల్యాబులో ఎలుకలకు గుండెపోటు తెప్పిస్తాం. గుండె రక్తనాళాన్ని దారంతో కట్టి, ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు గుండెలు తీసి చూస్తాం. ఏడో రోజు ఆదివారమైనా, మోకాలి లోతు మంచు పడినా వెళ్లాల్సిందే. ఎలుకకు సంక్రాంతి ఏం తెలుసు!

ఒకటో రోజు గాజు పలక మీద న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా కనిపిస్తాయి. ఒక్కోదాని కేంద్రకం మెలితిరిగిన ఊదారంగు ఉంగరంలా ఉంటుంది. మూడో రోజుకు మాక్రోఫేజ్‌లనే మింగుడు కణాలు వచ్చి చచ్చిన కండరాన్ని మింగుతుంటాయి. అప్పటికి గోడ మెత్తబడి కొన్ని ఎలుకల గుండె పగిలిపోతుంది. ఏడో రోజుకు మచ్చ కట్టడం మొదలవుతుంది. ఊడ్చడానికి వచ్చిన కణాలే తిష్ట వేస్తే బాగున్న కండరమూ పాడవుతుంది.

కడపలో నాయనకు గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. "అడ్డం తీసేశారు కదమ్మా, ఇంకేముంది?" అన్నారు ఫోనులో. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. కొవ్వు ఒక్కటే కాదు, నాళం గోడలో వాపు కూడా ఉంటుందని అరగంట చెప్పాను. ఇన్‌ఫ్లమేషన్‌కు నా దగ్గరున్న తెలుగు ముక్క అదొక్కటే.

రెండు నెలలకు సెలవు మీద వచ్చేసరికి బీరువా మీద డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు, సగం అట్ట ఖాళీ.

"మెడికల్ షాపతను వాపు మాత్ర అన్నాడు. నువ్వూ వాపే అన్నావు. మోకాళ్లకూ గుండెకూ కలిసొస్తుందని..."

తప్పు నాదే. గుండెపోటు వచ్చినవాళ్లకు ఈ రకం మాత్రలతో మళ్లీ పోటు వచ్చే ముప్పు పెరుగుతుంది. రక్తం పలచబడే మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావమూ కావచ్చు.

"మరి వాపుకు మందే లేదా?" అన్నారు.

ఉంది. 2017లో వెలువడిన కాంటోస్ అనే మందు పరీక్షలో, గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా పాల్గొన్నారు. వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందు 150 మిల్లీగ్రాముల మోతాదులో, కొలెస్ట్రాల్ తగ్గించకుండానే, గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి 15 శాతం తగ్గించింది. కాకపోతే ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. కాపలా కుక్కను పడుకోబెడితే దొంగ రాడా? 2023లో అమెరికా గుండెజబ్బుకు అనుమతించిన కాల్చిసిన్ అనే వాపు మందు ఇంకొకటి. అది మన అడవినాభి దుంపలోనూ ఉంటుందని చెప్పాను.

"ఆ ఎర్రపువ్వు తీగా? అది విషం కదమ్మా!"

"అందుకే రోజుకు అర మిల్లీగ్రామే, నాయనా. అదీ డాక్టరు ఇస్తేనే."

మాత్రల అట్ట నా చేతిలో పెట్టి, "సరే, మోకాలి సంగతేమిటి?" అన్నారు. వంటింట్లో అమ్మ అప్పటికే పెనం మీద ఉప్పు మూట వేడిచేస్తోంది.