ఒకే క్రియాటినిన్, రెండు లెక్కలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టినవాణ్ణి కనుక కిడ్నీ జబ్బు అన్న మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా 2018లో అట్లాంటాలో మామూలు రక్తపరీక్ష చేయించుకున్నప్పుడు కండరాల నుంచి రక్తంలోకి చేరే, మూత్రపిండాలు వడగట్టి పంపించే క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిందని తేలగానే, మా ఊరి జబ్బు సముద్రాలు దాటి నన్ను వెతుక్కుంటూ వచ్చిందేమో అనిపించింది. నెఫ్రాలజిస్టు మాత్రం ఏళ్ళ తరబడి లోలోపల పెరుగుతూ వచ్చిన రక్తపోటు వల్లే మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేల్చారు.

మరుసటి ఏడాది చేతికొచ్చిన ల్యాబ్ రిపోర్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. క్రియాటినిన్‌ను, వయసును బట్టి మూత్రపిండాలు ఏ మేరకు పనిచేస్తున్నాయో అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ అనే అంకె (ఎంత తగ్గితే జబ్బు అంత ముదిరినట్టు) అందులో రెండు వరుసల్లో అచ్చయింది. రోగి ఆఫ్రికన్ అమెరికన్ కాకపోతే 20, ఆఫ్రికన్ అమెరికన్ అయితే 23. రక్తం ఒకటే, క్రియాటినిన్ ఒకటే, వయసూ ఒకటే. అమెరికాలో ఆ అంకె 20కి గానీ అంతకన్నా కిందికి గానీ దిగినప్పుడే, డయాలసిస్ మొదలు కాకముందు కూడా, కిడ్నీ మార్పిడి జాబితాలో రోగి నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. నాకు పై వరుస వర్తించింది కాబట్టి ఆ నెలలోనే నన్ను జాబితాలో చేర్చారు. కింది వరుస ఎవరి కోసమో అప్పట్లో నేను ఆలోచించలేదు, నా బతుకు గొడవే నాకు సరిపోయింది.

డయాలసిస్ మొదలయ్యాక ఆ వరుస ఎవరిదో తెలిసింది. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున, ఒక్కోసారి నాలుగేసి గంటలు కుర్చీలో పడుకోవాలి. ఎడమ చేతిలో రక్తనాళాలను కలిపి కుట్టిన ఫిస్టులాలోకి రెండు లావాటి సూదులు దింపుతారు, ఒక గొట్టంలోంచి రక్తం బయటికి వెళ్ళి, మరో గొట్టంలోంచి శుభ్రపడి తిరిగి వస్తుంది. సూదులు లేని వేళ ఆ చోట వేలు పెడితే చర్మం కింద రక్తం జుమ్మని పరుగెత్తడం తెలుస్తుంది. ఒంట్లోంచి నీరు ఎక్కువగా లాగిన రోజున పిక్కలు పట్టేసి ప్రాణం పోయినంత పనయ్యేది. ఆవకాయ, కొబ్బరి, టమాటా పప్పు అన్నీ బంద్. ఆ హాల్లో ఉన్నవారిలో ఎక్కువమంది నల్లజాతివారే. దేశ జనాభాలో వారు సుమారు 13 శాతమే అయినా, మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవారిలో మూడోవంతుకు దగ్గరగా ఉన్నారు.

నా పక్క కుర్చీ పెద్దాయన నగర బస్సు నడిపి రిటైరైనవారు. ముప్ఫైల్లో ఉండగా గోదాముల్లో కాంట్రాక్టు పని చేసేవారు. ఇన్సూరెన్సు లేనందున, బీపీ మాత్రలు చేతిలో డబ్బు ఉన్న నెల కొనుక్కొని, లేని నెల మానేసేవారు. ఒకరోజు మా పాత రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. నన్ను జాబితాకెక్కించిన స్థాయిలోనే ఆయన మూత్రపిండాలు ఉన్నప్పుడు, 23 ఉంది గనుక ఇంకా సమయం ఉందని చెప్పి పంపించారట.

ఈ తేడా ఎక్కడిదో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1999లో వచ్చిన సూత్రం గానీ, దాని స్థానంలో 2009లో వచ్చిన సూత్రం గానీ, నల్లజాతి రోగి అయితే వచ్చిన అంకెను ఒక గుణకంతో పెంచమనేవి. 2009 నాటి గుణకం 1.159. అధ్యయనాల్లో పాల్గొన్న నల్లజాతివారికి సగటున క్రియాటినిన్ ఎక్కువగా కనబడింది, దానికి కారణం వారి కండపుష్టే అయివుంటుందని అనుకున్నారు. పశ్చిమాఫ్రికా మూలాలున్నవారిలో కొందరికి ఏపీఓఎల్1 అనే జన్యువులోని మార్పుల వల్ల కిడ్నీ జబ్బు ముప్పు పెరుగుతుందన్నది నిజమే గానీ, ఆ సూత్రం జన్యువును చూడలేదు, ఫారం మీద రోగి టిక్కు పెట్టిన గడిని చూసింది. మా ఉద్దానంలో ఇంతమంది మంచాన పడితే నీటిని, మట్టిని, పురుగుమందులను, ఎండలో చేసే చాకిరీని శంకించారే తప్ప, వీళ్ళ రక్తమే ఇంతని ఎవరూ సరిపెట్టుకోలేదు. ఇక్కడ మాత్రం రక్తాన్నే ముందు శంకించారు.

2020 ఆరంభంలో మా చెల్లెలు నాకు కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ బల్ల మీదే కొత్త కిడ్నీ మూత్రం పోయడం మొదలుపెట్టిందని సర్జను చెప్పినప్పుడు నా భార్య ఏడ్చిందట. కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందు వల్ల తొలి నెలల్లో చేతులు వణికేవి, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. తర్వాత అంతా కుదుటపడింది. పెద్దాయనకు తమ్ముడు, కొడుకు ఇద్దరూ ఇస్తామన్నారు గానీ, పరీక్షల్లో ఇద్దరికీ రక్తపోటు బయటపడి పనికిరారన్నారు. రోగిని పట్టిన జబ్బే ఇంట్లో దాతలను కూడా ముందే పట్టేసింది.

2021 సెప్టెంబరులో నేషనల్ కిడ్నీ ఫౌండేషన్, అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ కలిసి వేసిన బృందం జాతి గుణకం లేని సూత్రాన్ని సిఫారసు చేసింది. ఆ మరుసటి ఏడాది అవయవ మార్పిడి వ్యవస్థ పాత లెక్కను నిషేధించింది. పాత లెక్క వల్ల వెనకబడిన నల్లజాతి రోగుల నిరీక్షణ కాలాన్ని సరిదిద్దాలని 2023 జనవరి నుంచి మార్పిడి కేంద్రాలన్నింటినీ ఆదేశించింది. పెద్దాయన నిరీక్షణ రెండేళ్ళకు పైగా ముందే మొదలైనట్టు లెక్కగట్టారు, దరిమిలా కిడ్నీ కూడా దొరికింది. తేదీ సరిదిద్దామన్న ఉత్తరం వచ్చిన రోజు ఆయన నాకు ఫోన్ చేసి, "లైన్లో ముందుకు జరిపారు, సంతోషమే. అసలు లైన్లోకి రాకుండా చూసేవాళ్ళెవరు?" అన్నారు. కొద్ది నెలలకు మేమిద్దరం ఈ జబ్బును ముందే ఆపే పనిలోకి దిగాం.

నివారణకు దారి తెలియక కాదు. లాస్ ఏంజిలస్‌లో డాక్టర్ రొనాల్డ్ విక్టర్ బృందం 52 క్షౌరశాలల్లో 319 మంది నల్లజాతి పురుషులపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఫార్మసిస్టే క్షౌరశాలకు వచ్చి మందు రాసిచ్చిన చోట, 150 దాటి ఉన్న పై బీపీ ఆరు నెలల్లో సగటున 27 పాయింట్లు తగ్గింది. డాక్టరును కలవండని మంగలి సలహా మాత్రమే ఇచ్చిన చోట తగ్గింది 9. సలహాతో ఆగకుండా మందు చేతికందితే ఎంత తేడా వస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చూపించడం కష్టం. మేమూ శనివారాలు ఒక క్షౌరశాలలో కూర్చుంటాం. మెడచుట్టూ గుడ్డ కట్టించుకున్న మనిషి, దాని కిందనుంచి చేయి చాపి బీపీ పట్టీ కట్టించుకుంటాడు. 180 కనబడితే ఏం చేయాలన్నదే మా కష్టం, ఎందుకంటే వాళ్ళలో చాలామందికి ఇన్సూరెన్సు ఉండదు. మా అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రం, పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ను పూర్తిగా విస్తరించలేదు, 2023లో తెచ్చిన పరిమిత పథకానికి పనిగంటల షరతు పెట్టింది.

1972 నాటి చట్టం వల్ల మూత్రపిండాలు పూర్తిగా చెడితే ఏ వయసువారికైనా, మామూలుగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్ ఖర్చు భరిస్తుంది. ఆ చట్టానికి ముందు ఏడాది షెప్ గ్లేజర్ అనే రోగి అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ ఎదుటే డయాలసిస్ చేయించుకుని చూపించారు. చెడిపోయాక ఇచ్చే ఆ హామీని చెడకముందుకు జరపమనే మా విన్నపం. తక్కువ ఆదాయం ఉన్నవారందరికీ మెడికెయిడ్ ఇవ్వాలి, ఇంట్లో బీపీ చూసుకునే మిషన్లు ఇవ్వాలి, క్షౌరశాలకు, చర్చికి వచ్చే ఫార్మసిస్టుకు ప్రభుత్వమే రుసుము చెల్లించాలి. ఒక శాసనసభ్యుడు ఇదంతా ఖర్చుతో కూడిన పని కదా అన్నప్పుడు, పెద్దాయన చొక్కా చేయి మడిచి ఉబ్బిన ఫిస్టులా చూపించారు. "దీనికి ఏళ్ళ తరబడి వారానికి మూడుసార్లు బిల్లు కట్టారు. నా ముప్ఫయ్యో ఏట బీపీ మాత్రకు మాత్రం ఎవరూ కట్టలేదు," అన్నారు. శాసనసభ్యుడు లెక్కలు రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. వచ్చే సమావేశాలకు అవే తయారు చేస్తున్నాం.