ఆకుపచ్చ లైను వెంట లండన్ బొమ్మలూ బట్టలూ

లండన్ రైళ్ల పటంలో డిస్ట్రిక్ట్ లైనుది ఆకుపచ్చ రంగు. తూర్పున ఈస్ట్ హామ్‌లో, దోసెల హోటళ్లూ చీరల దుకాణాలూ ఉన్న వీధిలోని స్టేషన్‌లో ఎక్కితే రైలు మారకుండా సౌత్ కెన్సింగ్టన్ దాకా వెళ్లవచ్చు. దారిలో ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగితే వైట్‌చాపెల్ గ్యాలరీ గుమ్మంలోనే ఉంటాం. మాన్యుమెంట్‌లో దిగి వంతెన దాటితే బర్మండ్సీ, బ్లాక్‌ఫ్రయర్స్‌లో దిగి నది దాటితే ఆధునిక కళల మ్యూజియం టేట్ మోడర్న్. 2025 జులైలో అక్కవాళ్ల ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా లండన్ దాదాపుగా ఈ ఒక్క రైలు దారే. గడియార స్తంభం కింద ఫొటో కూడా లేదని ఇంటికొచ్చాక అమ్మ ఇంకా అంటూనే ఉంది.

అక్క మొదటి రోజే నియమం పెట్టింది. "పూటకు ఒక్క మ్యూజియమే. రెండోది చూస్తే మొదటిది మర్చిపోతావు."

అక్కడి జాతీయ మ్యూజియాల శాశ్వత సేకరణలకు 2001 చివరి నుంచి టికెట్ లేదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు కానీ, దాని అసలు లాభం తిరిగాకే అర్థమైంది. డబ్బు పెట్టి వెళ్తే గిట్టుబాటు కోసమైనా ప్రతి గదీ తిరుగుతాం, నాలుగో గదికి కాళ్లతో పాటు కళ్లూ మొరాయిస్తాయి. ఉచితమైతే ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడి బయటికి వచ్చేయవచ్చు. ఊరివాళ్లు చేసేది అదే. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం శుక్రవారాలు రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది. ఆఫీసుల నుంచి నేరుగా వచ్చి, నడిమి తోటలో నీళ్ల అంచున కూర్చుని కబుర్లాడి, ఏదో ఒక గదిలో కాసేపు తిరిగి ఇళ్లకు వెళ్లిపోతారు. పిల్లలు చెప్పులు విడిచి ఆ నీళ్లలో గంతులు వేస్తుంటారు. కసిరేవాళ్లు లేరు.

అక్కడి నుంచి నడిచి పార్కులోకి వెళ్తే సర్పెంటైన్ గ్యాలరీలు. ఏటా వేసవిలో ఒక వాస్తుశిల్పి చేత ఆరుబయట మండపం కట్టించడం 2000 నుంచి వాళ్ల ఆనవాయితీ. 2025లో ఢాకాకు చెందిన మరీనా తబస్సుమ్ కట్టారు. లోపల జనం చేతిలో కాఫీతో కూర్చున్నారు, మండపం మధ్యలో ఒక గింకో చెట్టు. బాగుంది. కానీ నన్ను కట్టిపడేసింది ఉత్తరపు గ్యాలరీలో అర్పితా సింగ్ చిత్రాలు. 1937లో పుట్టిన చిత్రకారిణికి భారతదేశం బయట బొమ్మలు అమ్మే ప్రైవేటు గ్యాలరీలో కాక ఇలాంటి సంస్థలో సొంతంగా ఇంత పెద్ద ప్రదర్శన జరగడం ఇదే మొదటిసారి. గులాబీ, నీలం రంగుల మీద వయసు మీరిన ఆడవాళ్లు, పూలు, విమానాలు, తుపాకులు, మధ్యమధ్య అక్షరాలు. ఖాళీ జాగా ఎక్కడా వదలరు, అంచులు కూడా నింపేస్తారు. ఆమె యవ్వనంలో చేనేత సేవా కేంద్రాల్లో డిజైనర్‌గా పనిచేశారు. ఆ సంగతి తెలిసి చూస్తే కాన్వాసు అంచు చీర అంచులాగే కనిపిస్తుంది. ఉచితం కాబట్టి ఇంకోసారి వెళ్లాను. రెండోసారి తుపాకులు ఎక్కువ కనిపించాయి.

టేట్ మోడర్న్‌లో లీ బవరీ ప్రదర్శనకు మాత్రం టికెట్ కొనవలసి వచ్చింది. పదహారు నుంచి ఇరవై అయిదేళ్లవాళ్లకు 5 పౌండ్లే కాబట్టి అక్క కూతురు దర్జాగా కొనుక్కుంది, నాకు చేయి తడుముకోవలసి వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి 1980లో ఫ్యాషన్ మోజుతో లండన్ వచ్చిన కుర్రాడు బవరీ. తన భారీ శరీరాన్నే బొమ్మగా మార్చుకుని, ముఖాన్ని కూడా కప్పేసే దుస్తులు కుట్టుకుని రాత్రి క్లబ్బులకు వెళ్లేవాడు. 1988లో ఒక గ్యాలరీలో రోజుకో వేషంతో అద్దం వెనక నిలబడ్డాడు. చూసేవాళ్లకు అతను కనిపిస్తాడు, అతనికి మాత్రం తన ప్రతిబింబమే. అదే మనిషిని చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ నూలుపోగు లేకుండా కూర్చోబెట్టి చిత్రించాడు. ఆ తళుకుల దుస్తులన్నీ చూసి వచ్చి ఆ చిత్రాల ముందు నిలబడితే, వేషం ఏదో ఒళ్లు ఏదో తేల్చుకోలేకపోయాను.

"పిన్నీ, ఇది ఫ్యాషనా, ఆర్టా?" అంది పిల్ల.

"ఎక్కడ పెడితే అది" అన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు, నాకూ పూర్తిగా నచ్చలేదు.

మరో రోజు వైట్‌చాపెల్‌లో హమద్ బట్ పనులు చూశాం. లాహోర్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన కళాకారుడు. వేలాడే గాజు గోళాల్లో క్లోరిన్ వాయువు నింపాడు. ఒకదానికొకటి కొట్టుకుంటే గది ఖాళీ చేయవలసిందే. బవరీ, బట్ ఇద్దరూ 1994లోనే, ముప్పైల ఆరంభంలో, ఎయిడ్స్‌తో పోయారు. ఒకరు ఒంటిని రంగులతో కప్పారు, ఒకరు ఒళ్లే లేకుండా ప్రమాదాన్ని గాజులో బంధించారు. రెండూ ఒకే వారంలో చూడడం మా అదృష్టం.

బర్మండ్సీ వీధిలో ఫ్యాషన్ డిజైనర్ జాండ్రా రోడ్స్ స్థాపించిన ఫ్యాషన్ అండ్ టెక్స్‌టైల్ మ్యూజియం ఉంది. నారింజ, గులాబీ రంగుల గోడలు దూరం నుంచే పిలుస్తాయి. అదే వీధిలోని వైట్ క్యూబ్ గ్యాలరీ ఉచితం. వాన పడుతోంది, రెండూ త్వరగా ముగించాం.

అసలు కథ స్ట్రాట్‌ఫర్డ్ వైపు ఉంది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వాళ్లు ఒలింపిక్ పార్కులో తమ గోదామునే 2025 మే 31న జనానికి తెరిచారు. దాని పేరు ఈస్ట్ స్టోర్‌హౌస్. రెండున్నర లక్షల వస్తువులు, వాటి మధ్య ఇనుప నడవాలు. గురు, శని వారాల్లో రాత్రి 10 దాకా ఉంటుంది. అక్కడి వింత ఏమిటంటే, వెబ్‌సైట్‌లో వెతికి అయిదు వస్తువుల వరకు మనమే ఎంచుకుని, కనీసం రెండు వారాల ముందు అడిగితే, వాటిని బల్ల మీద పెట్టి చూపిస్తారు. పరిశోధకులే కానక్కరలేదు, పైసా కట్టనక్కరలేదు.

పిల్ల ఫ్యాషన్ డిజైనర్ బాలెన్సియాగా 1954లో చేసిన గులాబీ టఫెటా పట్టు గౌను అడిగింది. నేను కోరమాండల్ తీరపు అద్దకం బట్టతో కుట్టిన పాత గౌను అడిగాను. అమ్మమ్మగారి ఊరు కలంకారీ అద్దకాల పెడనకు దగ్గర. కరక్కాయ నీళ్లలో నానిన బట్ట వాసన చిన్నప్పటి నుంచి ఎరుగుదును.

తెల్లని నేల మీద ఎర్ర పూల తీగ. కలంతో గీసిన గీతలో చేయి ఎక్కడ ఆగిందో తెలుస్తోంది. ఎరుపు చెక్కుచెదరలేదు. చిరివేరు, పటిక పనితనం అది. ఆకులు మాత్రం నీలంగా ఉన్నాయి. నీలిమందు మీద పసుపు పూసి ఆకుపచ్చ తెచ్చేవారు, ఆ పసుపు వెలుతురుకు ఎగిరిపోతుంది. సిబ్బంది అమ్మాయి మడత కొంచెం ఎత్తి కుట్టు లోపలి వైపు చూపించింది. ఎండ తగలని ఆ వేలెడు బట్టలో ఆకు ఇంకా పచ్చగానే ఉంది.

ఇలాంటి బట్ట కట్టుకున్న ఆడవాళ్ల మీద 1719లో ఇదే ఊళ్లో, వైట్‌చాపెల్ పక్కనే ఉన్న స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు పడి చింపారు, సిరా చల్లారు. 1721లో పార్లమెంటు అద్దకం నూలు బట్ట కట్టడాన్నే నిషేధించింది, 1774 దాకా ఎత్తలేదు. ఆ నేతగాళ్ల మీద నాకు పూర్తిగా కోపం రావడం లేదు. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుందన్నది కృష్ణా జిల్లాలో ఎవరికి తెలియదు? అంత నిషేధంలోనూ కట్టుకున్నవాళ్లు కట్టుకున్నారు, దాచుకున్నవాళ్లు దాచుకున్నారు.

మళ్లీ అడుగుదామంటే రెండు వారాల గడువు నా విమానం తేదీ దాటిపోతోంది. తర్వాతి అయిదు వస్తువుల వంతు అక్కకు వచ్చింది. జాబితా పంపమంటే మూడు పేర్లు రాసి, మిగతా రెండు తన ఇష్టానికి వదిలాను. రెండూ చెప్పులే ఎంచుకుంది.