అనంతపురంలో నూరువరహాలు
కాకినాడలో మా ప్రహరీ వెంట ఎవరూ పట్టించుకోకపోయినా గుత్తులు గుత్తులుగా పూసిన నూరువరహాల కొమ్మలను, అనంతపురానికి మారినప్పుడు ఎంతో ఆశతో వెంట తెచ్చి నాటాను. రెండో వేసవి వచ్చేసరికి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, వాటి మధ్య ఆకంతా నిమ్మపండు రంగుకు తిరిగింది. నీరు చాలడం లేదనుకొని మరింత పోశాను. అదే నా పొరపాటు. మా బోరు నీరు బిందె అడుగున తెల్లటి పొర కట్టేంత సున్నపు నీరు. ఆమ్ల గుణం గల నేలను కోరే ఆ మొక్కకు, అటువంటి నీరు తగిలిన మట్టిలో ఇనుము ఉన్నా అందదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ ఊరికి తగినవేమిటో చూసుకొని, చివరకు కాగితంపూలు, గన్నేరు పెట్టాను. కాగితంపూలు నీరు తగ్గించిన కొద్దీ విరగబూస్తున్నాయి. గన్నేరు ఎండకు చలించదు గాని, దాని ఆకు, కాడ, పువ్వు అన్నీ విషమే కనుక, పక్కింటి మేకలు మెడ చాచే గోడకు దూరంగా నాటవలసి వచ్చింది.

ఒక్క నూరువరహాల మొక్కను మాత్రం కుండీలో ఉంచుకొని, పట్టిన వాన నీరు పోస్తున్నాను. శ్రమ తగ్గించుకోవాలన్న నా పట్టుదల దాని దగ్గర చెల్లలేదు.