పార్క్ కౌంటీ కవర్డ్ బ్రిడ్జిలు: నా స్కెచ్ పుస్తకం ఎందాకా వచ్చిందంటే

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపొలిస్ నుంచి యూఎస్ 36 రహదారి పట్టుకుని పడమరగా అరవై మైళ్ళు పోతే పార్క్ కౌంటీ వస్తుంది. మొక్కజొన్న, సోయా పొలాలు, షుగర్ క్రీక్, బిగ్ రకూన్ క్రీక్ అని రెండు పెద్ద వాగులు, వాటిలో కలిసే చిన్న వాగులు. వీటన్నిటి మీదా ఇంకా నిలబడి ఉన్న కవర్డ్ బ్రిడ్జిలు, అంటే పైకప్పూ పక్కగోడలూ ఉన్న చెక్క వంతెనలు, 31. ఒక్కోదానికీ రెండు బొమ్మలు గీయాలని పెట్టుకున్నాను. ఒకటి బయటి ముఖద్వారం, రెండోది లోపలి చట్రం. ఇండియానాపొలిస్ శివార్లలో కార్మెల్, ఫిషర్స్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది అక్టోబరులో జరిగే ఈ బ్రిడ్జిల పండగకి ఒక్కసారి వెళ్ళి, ఆ జనంలో కారు పార్కు చేసుకోవడానికే సగం రోజు పోగొట్టుకుని వచ్చేస్తారు. వాళ్ళకీ అక్కరకొస్తుందని వివరాలు కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ఇప్పటి లెక్క: ఉత్తరాన షుగర్ క్రీక్ మీద ఉన్నవి దాదాపు అయిపోయాయి. దక్షిణాన బ్రిడ్జ్‌టన్, మాన్స్‌ఫీల్డ్ వైపు సగం అయ్యాయి. పడమర మెక్కా అనే ఊరి వైపు ఇంకా అడుగు పెట్టలేదు.

మార్చి, రాక్‌విల్

కౌంటీకి ముఖ్యపట్టణం రాక్‌విల్. మధ్యలో కోర్టు భవనం, నాలుగు వైపులా పాత ఇటుక దుకాణాలు. పాత రైల్వే డిపోని టూరిస్టు ఆఫీసు చేశారు, ముందు అక్కడికే వెళ్ళండి. కాగితం మ్యాపు ఇస్తారు. వంతెనల్ని ఐదు దారులుగా విడగొట్టి ఒక్కో దారికి ఒక్కో రంగు పెట్టారు: ఎరుపు, నలుపు, నీలం, పసుపు, గోధుమ. పొలాల మధ్య మలుపుల్లో ఆ రంగు బాణాలే దారి చూపిస్తాయి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాపు అలంకారానికి కాదు, నిజంగానే కావాలి. పెట్రోలు ఇక్కడే నింపుకోండి. బాత్రూములు కూడా ఇక్కడ, తర్వాత టర్కీ రన్ పార్కులో. మధ్యలో దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు.

మార్చిలో ఎందుకంటే, ఆకులు ఉండవు. వంతెన పక్కభాగం వాగు ఒడ్డు నుంచి పూర్తిగా కనిపిస్తుంది. జూన్ వచ్చేసరికి అదే ఒడ్డు పొదలతో మూసుకుపోతుంది, పైగా పాయిజన్ ఐవీ, తాకితే ఒళ్ళంతా దురద పెట్టే తీగ. మూడేసి ఆకుల గుత్తి కనబడితే చెయ్యి పెట్టకండి.

ఏప్రిల్, జాక్సన్ వంతెన

నాకు ఈ పిచ్చి పట్టించింది ఇదే. 1861లో కట్టారు. జోసెఫ్ జె. డేనియల్స్ అనే మేస్త్రీ దీన్ని కట్టడానికే రాక్‌విల్ వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయాడు. దాదాపు 200 అడుగుల పొడవు, మధ్యలో ఒక్క దిమ్మ కూడా లేకుండా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒకే అంగ. ఇప్పటికీ దీని మీద కార్లు పోతున్నాయి.

ఆ నెలలో మా అమ్మా నాన్నా ఇక్కడే ఉన్నారు. నాన్న ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఆయనకి బయటి రంగు, ఫొటోలు అక్కర్లేదు. నేరుగా లోపలికి నడిచి, చెయ్యి దూలం మీద వేసి నిలబడ్డారు.

"అమ్మాయ్, కమాను రెండు కొసలూ ఎక్కడ ఆనుకున్నాయో చూశావా? నేరుగా రాతి దిమ్మలోకి. ఈ నిలువు కంబాలన్నిటినీ రెండు కమానులు అటూ ఇటూ పట్టుకున్నాయి."

"మరి బరువు మోసేది కమానా నాన్నా, చట్రమా?"

"రెండూ కలిసి. దేనివంతు ఎంతో నీ కంప్యూటరుని అడుగు, నన్నడక్కు."

ఆయన చెప్పినదాన్నే పుస్తకాల్లో బర్ ట్రస్ అంటారు. థియొడోర్ బర్ 1817లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. వరసగా నిలువు కంబాలు, వాటి మధ్య నడిబొడ్డు వైపు వాలిన ఏటవాలు దూలాలు, ఈ మొత్తాన్నీ రెండు వైపులా అదిమి పట్టుకున్న పెద్ద కమాను. పార్క్ కౌంటీలో ఎక్కువ భాగం ఈ రకమే. అది తెలిశాక గీయడం సులువైంది. ముందు కమాను ఒక్క గీతలో, తర్వాత నిలువు కంబాలు, ఆఖర్న ఏటవాలువి. ముందుగా కంబాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే కమాను ఎప్పుడూ వంకరే పోతుంది.

పైకప్పు ఎందుకంటే, వాగు పక్కన నివాసమున్న ఎవరినడిగినా గుర్రాలు నీళ్ళు చూసి బెదరకుండా అంటారు. కథ బాగుంది. అసలు సంగతి వాన. కప్పు లేని చెక్క వంతెన అతుకుల్లో నీళ్ళు దిగి పది పదిహేనేళ్ళకే పుచ్చిపోతుంది. కప్పు వేస్తే నూట అరవై ఏళ్ళ తర్వాత మా నాన్న దాని మీద చెయ్యి వేసి నిలబడగలరు.

ద్వారం మీద చాలాచోట్ల ఒక హెచ్చరిక రాసి ఉంటుంది, వంతెనని నడక మీదే దాటమని. బండి గుర్రాలు పరుగెడితే ఆ అడుగుల తూగుకి చట్రం ఊగుతుందని భయం. 1990ల్లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ వైపు నుంచి ఆమిష్ కుటుంబాలు (కార్లు వాడకుండా పాత పద్ధతిలో బతికే క్రైస్తవులు) కొన్ని ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి కాబట్టి, ఇప్పుడూ గుర్రపుబండ్లు ఎదురవుతాయి. ఎత్తు రోడ్డు దిగగానే బండి కనిపించవచ్చు, వేగం తగ్గించండి. వాళ్ళ ముఖాలు ఫొటో తీయకండి. వాళ్ళ దుకాణాలు ఆదివారం మూసేసి ఉంటాయి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.

మే, టర్కీ రన్ పార్కు, నారోస్, కాక్స్ ఫోర్డ్

టర్కీ రన్ 1916లో ఏర్పడింది, ఇండియానా మొదటి రాష్ట్ర పార్కుల్లో ఒకటి. ఈ అడవి మిగిలిన తీరు వింటే ఒళ్ళు మండుతుంది, తర్వాత నవ్వొస్తుంది. యజమాని జాన్ లస్క్ 1915లో పోయాడు. మర్నాటి ఏడాది భూమి వేలానికి వచ్చింది. పార్కు కోసం చందాలు పోగుచేసినవాళ్ళు వంద డాలర్ల తేడాతో పాట ఓడిపోయారు. పలచటి చెక్క పలకలు చేసే కంపెనీ 30,200 డాలర్లకి పాడుకుంది. ఆ ఏడాది తిరక్కుండానే అదే భూమిని ఆ కంపెనీ దగ్గర 40,200కి కొన్నారు. కంపెనీ చెట్టు కొట్టకుండానే పదివేలు సంపాదించింది. చెట్లు మాత్రం మిగిలాయి.

మూడో నంబరు కాలిబాట గురించి నిక్కచ్చిగా చెప్తాను. 1.7 మైళ్ళే, కానీ ఇసుకరాయి లోయల్లో వాగు నీళ్ళలోనే నడవాలి, మధ్యలో చెక్క నిచ్చెనలు దిగాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు దాన్ని వదిలేసి వేలాడే వంతెన దాకా వెళ్ళి చూసి వస్తే చాలు. అక్కడికీ మెట్లున్నాయి. వాన పడ్డ రెండు రోజుల్లో వెళ్ళకండి. షుగర్ క్రీక్ పొంగితే దారులు మూసేస్తారు. తడిసినా పర్లేదనుకునే, పట్టున్న బూట్లు వేసుకోండి. గేటు దగ్గర రుసుము ఇండియానా నంబరు ప్లేటుకి తక్కువ, బయటి ప్లేటుకి ఎక్కువ. ఇంటికి వచ్చాక పిల్లల మోకాళ్ళ వెనకా, చెవుల వెనకా పురుగులు పట్టాయేమో చూడండి. మే, జూన్లలో టిక్కులు, అంటే రక్తం పీల్చే పిడుదులు, విపరీతం.

అమ్మ పులిహోర, పెరుగన్నం కట్టింది. పార్కులో బల్లలున్నాయి కాబట్టి హాయిగా కూర్చుని తిన్నాం. శాకాహారులకి ఈ ఊళ్ళలో దొరికేది ఐస్‌క్రీమూ, వేయించిన బంగాళాదుంపలే అనుకుని బయల్దేరండి.

ఇక వంతెనలు. పార్కు దగ్గరే రెండున్నాయి, రెండూ జోసెఫ్ ఎ. బ్రిటన్ కట్టినవి. నారోస్ 1882 నాటిది, దాని మీదికి కార్లు రానివ్వరు. బొమ్మ గీసేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదు, మధ్యలో స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. కాక్స్ ఫోర్డ్ 1913ది. ఆ ఏడాది మార్చి వరదల్లో అక్కడి ఇనుప వంతెన కొట్టుకుపోతే దాని బదులు చెక్కది కట్టారు. ఇనుము పోయి చెక్క రావడం, అదీ మోటారు కార్లు వచ్చాక! దీని మీద కార్లు తిరుగుతాయి కాబట్టి లోపల కూర్చోవద్దు.

ఇక్కడే నాకు ఆట మొదలైంది: బోర్డు చదవకముందే ఎవరు కట్టారో చెప్పడం. డేనియల్స్ ద్వారం పైభాగం గుండ్రంగా కమానులా తిరుగుతుంది. బ్రిటన్ ద్వారం పై మూలలు ఏటవాలుగా కత్తిరించినట్టు ఉంటాయి. కొద్దిపాటి అభ్యాసం ఉంటే దూరం నుంచి, కారు దిగకుండానే తెలిసిపోతుంది. మా అబ్బాయికి నాకంటే బాగా వచ్చింది.

జూలై, వెస్ట్ యూనియన్ వంతెన

1876, డేనియల్స్, 315 అడుగులు, రెండు అంగలు. కౌంటీలో అన్నిటికంటే పొడవైనది. పాదచారులకే. ఎండకి కాగితం మీద సిరా క్షణంలో ఆరిపోయింది, నాకూ ఓపిక ఆరిపోయింది. లోపలి బొమ్మ మాత్రమే వచ్చింది, ముఖద్వారం బాకీ.

సెప్టెంబరు, బ్రిడ్జ్‌టన్

1868లో డేనియల్స్ కట్టిన బ్రిడ్జ్‌టన్ వంతెన ఇప్పుడు లేదు. 2005 ఏప్రిల్ 28 రాత్రి ఎవడో నిప్పు పెట్టాడు. ఇప్పుడు కనిపించేది 2006లో ఊరివాళ్ళు మళ్ళీ నిలబెట్టుకున్నది. ఆ నిప్పుకి మూడేళ్ళ ముందే జెఫ్రీస్ ఫోర్డ్ వంతెన కూడా ఇలాగే తగలబెడితే పోయింది, దాన్ని మళ్ళీ కట్టలేదు. కొత్త వంతెనని గీయాలా వద్దా అని మొదట సందేహించాను. గీశాను. పాత లెక్కల ప్రకారమే బర్ కమానుతో కట్టారు, ఊరి మధ్యలో జలపాతంలాంటి ఆనకట్ట పక్కన నిలబడి ఉంది, ముఖ్యంగా జనం దాన్ని వాడుతున్నారు. పాతదనం ఒక్కటే కొలబద్ద అయితే మన పుష్కర ఘాట్లు సగం చూడనక్కర్లేదు.

పక్కనే మిల్లు. 1823 నుంచి ఈ చోట మిల్లు ఉంది, ఇప్పటి భవనం 1870ది. రాతి తిరగళ్ళతో ఇప్పటికీ విసురుతున్నారు. మొక్కజొన్న రవ్వ ఒక సంచీ కొన్నాను. ఉప్మాకి నీళ్ళు మామూలుకంటే ఇంకాస్త ఎక్కువ పట్టింది, తిరగమోతలో అల్లం గట్టిగా వేస్తే రుచి బాగుంది. ఫ్రిజ్‌లో పెట్టండి, మొలక తీయని రవ్వ బయట ఉంచితే మక్కిపోతుంది.

అక్టోబరు

1957 నుంచి జరుగుతున్న కవర్డ్ బ్రిడ్జ్ ఫెస్టివల్ రెండో శుక్రవారం మొదలై పది రోజులు. బ్రిడ్జ్‌టన్, మాన్స్‌ఫీల్డ్ రెండూ సంతలైపోతాయి. పండగ కోసం వెళ్ళేవాళ్ళు వారం మధ్యలో, పొద్దున్నే వెళ్ళండి. పొలాల్లో పార్కింగుకి నగదు అడుగుతారు. వంతెనల కోసం వెళ్ళేవాళ్ళు అది ముగిసిన తర్వాతి వారం వెళ్ళండి. ఆకుల రంగులు అప్పటికీ ఉంటాయి. నేను అలాగే వెళ్ళి మాన్స్‌ఫీల్డ్ గీశాను: 1867, డేనియల్స్, రెండు అంగలు, 247 అడుగులు. గుండ్రటి ద్వారం.

పనిముట్లు

0.3 మి.మీ. పెన్ను ముఖద్వారానికి, 0.5 లోపలి దూలాలకి. మందపాటి కాగితం పుస్తకం, మడతస్టూలు, తలకి కట్టుకునే దీపం. లోపల మధ్యాహ్నం కూడా చీకటే. పొద్దున్న తొమ్మిదీ పదీ మధ్య పక్క చెక్కల సందుల్లోంచి వెలుగు అడ్డంగా పడుతుంది, అప్పుడే కంబాల లోతు తెలుస్తుంది. కప్పు కింద కందిరీగల తుట్టెలుంటాయి, కూర్చోబోయే ముందు పైకి చూడండి. కారు ఆపేది గడ్డి వెడల్పుగా ఉన్న ఒడ్డునే, పొలంలోకి ట్రాక్టరు దిగే దారిలో కాదు.

ముందున్నవి

మెక్కా వంతెన, 1873. సిమ్ స్మిత్, 1883, దయ్యం ఉందని పేరు. ఫిలిప్స్, 1909, 43 అడుగులే, అన్నిటికంటే చిన్నది, దానికి కమాను లేదు కాబట్టి గీసే పద్ధతి వేరేగా ఆలోచించుకోవాలి. ఫిబ్రవరి ఆఖర్న మేపుల్ సిరప్ ఫెయిర్ పెడతారు, అప్పుడు ఈ మూడూ, వెస్ట్ యూనియన్ బాకీ ముఖద్వారం కలిపి చేద్దామని. చలికి వేళ్ళు కొంకర్లు పోకుండా వేలికొసలు తెరిచి ఉండే గ్లోవ్స్ కొనాలి.